సగంలో ఆగిన బుట్ట

ప్రియమైన చేపా,

మేడ మీద నువ్వు, కింద నేనూ అమ్మా, మధ్యలో ఒక తాడూ బుట్టా. మాట్లాడితే దగ్గు తెరలు తెరలుగా కమ్ముకొస్తోందని ఫోన్ పక్కన పెట్టేశావు కాబట్టి, ఒకే ఇంట్లో ఉండి ఉత్తరాలు రాసుకునే అక్కచెల్లెళ్ళం మనమే అయ్యుంటాం. బుట్టలో జావ, నీళ్ళ సీసా, మాత్రలు ఉన్నాయి. తొణక్కుండా లాగు.

ఇంత కట్టడి దేనికని విసుక్కున్నావు. అమ్మకి ఎనభై దాటాయి, గుండె అంతంత మాత్రం. ఈ ఫ్లూ ఆవిడకి అంటుకుంటే... ఆ వాక్యం పూర్తి చేయను. మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేదు, అదొక్కటే నా ధైర్యం.

ఒళ్ళంతా రోకట్లో వేసి దంచినట్టుందని రాశావు. ఏళ్ళ తరబడి కాలేజీలో ఈ పాఠం చెప్తున్నాను. బోర్డు మీద గీసే బొమ్మ ఇప్పుడు మన మేడ మీద మంచమెక్కింది. ఆ నొప్పులు చాలావరకు వైరస్ పెట్టేవి కావే, నీ ఒళ్ళు పెట్టుకున్నవే. వైరస్ దూరిన కణం చచ్చిపోయేలోపు చుట్టుపక్కల కణాల్ని కేకేస్తుంది, నా పని అయిపోయింది, మీరు తలుపులేసుకోండి అని. ఆ కేకల సందడే నీ నొప్పులూ, జ్వరమూ. నీ ఒళ్ళే పొయ్యి రాజేసి దొంగకి ఉక్కపోత పుట్టిస్తోందన్నమాట. కంటికానని కణానికి పక్కింటివాళ్ళ మీద అంత ప్రేమేమిటి? పరీక్షలో ఎవరైనా ప్రేమ అని రాస్తే మార్కులు కోసేస్తాను. కానీ ఇంకేమనాలో నాకే తెలియడం లేదు.

డాక్టరమ్మ చెప్పింది గుర్తుంచుకో. ఆయాసం వస్తే ఆలోచించకుండా ఆసుపత్రికి రమ్మంది.

నీ మంచం కిందే నడుస్తూ,
అక్క

*

ప్రియమైన అనుమానాలక్కా,

జ్వరం దిగింది. తలస్నానం చేశాను, అద్దంలో చూసుకుని భయపడ్డాను, మళ్ళీ పడుకున్నాను. త్వరగా పూల్‌కి వెళ్ళాలి. కోచ్ లేకపోతే నా పిల్లలు ఈదడం మానేసి తేలడం నేర్చుకుంటారు.

నీ పాఠం బావుంది. నా ఒంట్లో ఇంత మంచివాళ్ళున్నారని ఇన్నాళ్ళూ తెలియలేదు. అయినా నాకు ఆయాసమేమిటే? నీళ్ళ అడుగున ఊపిరి బిగబట్టి కూర్చునే ఉద్యోగం నాది. నువ్వు మెట్లెక్కితే రొప్పుతావు, ముందు నీ సంగతి చూసుకో.

అమ్మ మోకాళ్ళెలా ఉన్నాయి? జావలో ఉప్పు మర్చిపోయావు. అనుమానం వచ్చి వేయడం మానేశావా?

ఒడ్డున పడ్డ
చేప

*

ప్రియమైన చేపా,

పొద్దున బుట్ట సగంలో ఆగింది. తాడు చిక్కుపడిందనుకున్నాను. కాసేపటికి కదిలింది, మళ్ళీ ఆగింది. మన గోడ మీద గాల్లో అలా వేలాడుతూ ఉంటే కింద నించుని చూస్తూ ఉండిపోయాను. అందులో ఉన్నవి బిస్కెట్లు, సగం సీసా నీళ్ళు. నిండు బకెట్‌ని ఒక్క ఊపులో లాగే చెయ్యి నీది.

నా అనుమానాలకి నువ్వు నవ్వుతావని తెలుసు. నాకూ వాటి మీద పెద్ద నమ్మకం లేదు. కానీ ఈ జబ్బులో నాకు అసలు భయం జ్వరం కాదు, తగ్గి తిరగబెట్టడం. మన ఊపిరి గొట్టాల లోపల సన్నటి నూగుంటుంది, పంటచేను గాలికి ఊగినట్టు ఊగుతూ దుమ్మునీ క్రిముల్నీ పైకి ఊడ్చేస్తుంటుంది. పుట్టినప్పట్నుంచీ మనం ఒక్కసారైనా తలుచుకోని పనిమనిషి. ఫ్లూ ఆ నూగునే తుడిచిపెడుతుంది. ఇక మన ముక్కులో, గొంతులో గొడవ లేకుండా అద్దెకుండే బ్యాక్టీరియాకి ఊపిరితిత్తుల దాకా దారి ఖాళీ.

మళ్ళీ చలిగా ఉందా? ఆయాసం ఉందా, లేదా? హాస్యాలొద్దు. ఒక్క మాట రాసి పడెయ్యి. కిందే నించున్నాను.

అక్క

*

అక్కా,

ఉంది. కంగారు పడకు. ఊపిరి చాలనప్పుడు ఏం చెయ్యాలో నాకు తెలుసు. ఛాతీ గోల పెడుతుంది. వినకూడదు. పిల్లలకి చెప్పే మొదటి పాఠం అదే. కళ్ళు మూసుకుని, నెమ్మదిగా. నిన్నట్నుంచీ అలాగే నెట్టుకొస్తున్నా. కాస్త చలి. కాసేపు పడుకుని జావ లాక్కుంటా.

చేప

*

ప్రియమైన నా మొండి చేపా,

ఇది నర్సు నీకు ఇస్తుంది. వార్డులోకి నన్ను రానివ్వడం లేదు. నేను మెట్లెక్కి పైకి వచ్చినప్పుడు నీ పెదాలు నీలంగా ఉన్నాయి, అయినా నాకు సైగ చేశావు, బాగానే ఉన్నానని. ఛాతీ గోల పెడితే వినకూడదని నేర్చుకున్న నీకు, అది నిజంగా మొత్తుకుంటుంటే వినపడలేదు. ఇలాంటి పొరపాటు నీలాంటి గజ ఈతగత్తె తప్ప ఇంకెవరూ చెయ్యలేరు.

డాక్టరమ్మ ఎక్స్‌రే చూపించింది. కుడి ఊపిరితిత్తి అడుగున పొగమంచు కమ్మినట్టు తెల్లగా ఉంది. అదేమిటన్నాను. నీరు, చచ్చిన కణాలు, క్రిములతో పోరాడి చచ్చిన నీ సైనికులు అంది. నిన్ను కాపాడ్డానికి వచ్చినవాళ్ళే గాలి గదులు నింపేశారన్నమాట. ఇల్లు తగలబడకుండా నీళ్ళు పోసి పోసి, ఇంటివాళ్ళనే ముంచేసినట్టు. క్లాసులో దీన్ని గెలుపోటముల్లా చెప్పేదాన్ని. ఇక అలా చెప్పలేను.

మందులు బ్యాక్టీరియా పని పడుతున్నాయట. మిగతాది నీ ఒళ్ళు చూసుకోవాలి. ఒక్కసారి దాని మాట విను.

కారిడార్ బల్ల మీంచి,
అక్క

*

ప్రియమైన అక్కా,

ఈ రోజు ముక్కుకి ఆక్సిజన్ గొట్టం తీసేశారు. గాలి ఇంత తియ్యగా ఉంటుందని, ఊపిరితోనే బతికే నాకు ఇప్పుడు తెలిసింది.

ఒక సంగతి చెప్పాలి. తిట్టు, కానీ ఉత్తరంలోనే తిట్టు. నువ్వు కాలేజీకి వెళ్ళాక రోజూ మధ్యాహ్నం అమ్మ పైకొచ్చేది. మెట్టుకో మజిలీ చేస్తూ. నా మంచం మీదే కూర్చుని కాళ్ళు పట్టేది. నేను మొహమ్మీద దగ్గినా కదిలేది కాదు. మోకాళ్ళేమయ్యాయే అంటే, "అవి మీ అక్క ఇంట్లో ఉన్నప్పుడే నొప్పులే" అంది.

పొమ్మని అరిచాను, అరిస్తే దగ్గొచ్చింది. అప్పుడంది, "నాకేం కాదు. ఇలాంటిది చిన్నప్పుడే నాకొచ్చి పోయింది. మా అక్కని తీసుకుపోయింది, నన్నొదిలేసింది."

అమ్మకి అక్క ఉండేదా? నీకు తెలుసా?

అమ్మకి జ్వరం లేదు కదా? అది తెలిసేదాకా నాకిక్కడ నిద్ర పట్టదు.

చేప

*

ప్రియమైన చేపా,

అమ్మకి జ్వరం లేదు, దగ్గు లేదు, ఆకలి మాత్రం ఉంది. నా తిట్లు కూడా ఆవిడకి అంటలేదు.

డాక్టరమ్మకి చెప్తే ముందు ముగ్గురినీ కలిపి తిట్టింది. అదృష్టం బాగుంది గానీ ఇలాంటి పని ఇంకెప్పుడూ చెయ్యొద్దంది. ఈ వైరస్ మొహం మార్చుకుంటూ వస్తుంది కాబట్టి ఇక ఏటా ముగ్గురూ సూది వేయించుకోమంది. తరవాత, అమ్మ చెప్పింది నిజమే అయ్యుండొచ్చు అంది. ఎప్పుడో తిరిగిన ఫ్లూకి దగ్గరి చుట్టం లాంటిది మళ్ళీ వస్తే, దాన్ని చిన్నప్పుడే ఎదుర్కొన్న ముసలివాళ్ళని ఒక్కోసారి అంతగా పట్టదట. ఆనాడు పోరాడిన కణాల సంతతిలో కొన్ని ఎముకల మూలల్లో అలా కూర్చునే ఉంటాయట, ఎవరూ పిలవకపోయినా, జీవితాంతం.

నిన్న కళ్ళజోడు ఎక్కడ పెట్టిందో మర్చిపోయిన మనిషి ఒళ్ళు, డెబ్భై అయిదేళ్ళ కిందటి జ్వరాన్ని మర్చిపోలేదు.

అమ్మని అడిగాను. వాళ్ళక్క తొమ్మిదేళ్ళ పిల్ల. జ్వరంతో వణుకుతుంటే అమ్మ వెళ్ళి ఆ దుప్పట్లోనే దూరిందట. పెద్దవాళ్ళు లాగేస్తే మళ్ళీ దూరిందట. దుప్పటి గరుకు గుర్తుందంది, అక్క చేతి వేడి గుర్తుందంది. మొహం ఎలా ఉండేదన్నాను. "గుర్తుకి రావడం లేదే" అంది.

అమ్మకి ఆ జ్వరం ఇచ్చింది ఆ అక్కే కదా చేపా. పోతూ పోతూ ఇచ్చిపోయింది. దాని వల్లే అమ్మ నీ పక్కన కూర్చుని కాళ్ళు పట్టగలిగిందేమో. ఏమో అనే అంటున్నాను. రక్తం పరీక్ష చేయిస్తే ఏదైనా తెలుస్తుందేమో. దేన్నీ నమ్మని నేను, ఈ ఒక్కటీ పరీక్ష చేయించను.

ఇవాళ మధ్యాహ్నం అమ్మ పడుకుంటే నుదుటి మీద చెయ్యి వేసి చూశాను. చల్లగా ఉంది. మనమెవ్వరం చూడని పెద్దమ్మ, తొమ్మిదేళ్ళ పిల్ల, లోపల మెలకువగా ఉన్నట్టనిపించింది. చప్పుడు చెయ్యకుండా చెయ్యి తీసేశాను.

నువ్వు రా. బుట్ట విప్పలేదు, అలాగే ఉంది.

అక్క