చెల్లెలి మాత్ర

మార్చి 4
రిపోర్టులు వచ్చాయి. నాకూ చెల్లికీ ఒకటే కాన్సర్, కుడి ఊపిరితిత్తిలోనే. తేడా అంతా జీన్స్‌లో ఉందట. దాని గడ్డలో ఏదో మ్యుటేషన్ దొరికింది. దానికి సరిగ్గా సరిపోయే మాత్ర ఉంది, రోజుకొకటి, ఇంట్లోనే. నా గడ్డలో అది లేదు. నాకు కీమో. మ్యుటేషన్ లేదని ఏడ్చే మనిషిని ఇప్పుడే చూస్తున్నానని డాక్టరమ్మ అంది.

చిన్నప్పుడు ఉంగరాల జుట్టు దానికే వచ్చింది. ఇప్పుడు ఇదీ దానికే.

మార్చి 29
రెండో కీమో అయింది. ఒకటే వాంతులు. జుట్టు సగం దిండు మీదే ఉండిపోయింది. చెల్లి మేడ మీంచి దిగి వచ్చి నా తల నిమిరింది. దాని జడ నా మొహం మీద పడింది. కావాలనే వేసుకొచ్చింది. ఒళ్ళు మండిపోయింది.

ఏప్రిల్ 20
స్కాన్‌లో దాని గడ్డ సగానికి తగ్గింది. నాది అంగుళం కదల్లేదు. చెల్లి మొగుడు ఊరందరికీ ఫోన్లు చేశాడు. నాకూ సంతోషంగా ఉందన్నాను. పచ్చి అబద్ధం.

ఏప్రిల్ 21, ఉదయం 7
చెల్లి స్నానానికి వెళ్ళింది. మాత్రల స్ట్రిప్పు టేబుల్ మీద ఉంది. ఒకటి తీసి, నీళ్ళు కూడా లేకుండా మింగేశాను. ఆ మ్యుటేషన్ లేని గడ్డని ఈ మాత్ర ఏమీ చేయదని డాక్టరమ్మ బొమ్మ గీసి మరీ చెప్పింది. అయినా మింగాను. అది దానిది కాబట్టి.

మే 2
చెల్లి ఇవాళ కూడా రెండోసారి అన్నం పెట్టించుకుంది.

నవంబర్ 11
చెల్లి గడ్డ మళ్ళీ పెరిగింది. అందులో కొత్త మ్యుటేషన్ పుట్టిందట. ఆ మాత్ర ఇక పనిచేయదట. డాక్టరమ్మని పక్కకి పిలిచి, మధ్యలో ఒక్క రోజు మాత్ర తప్పితే ఇలా అవుతుందా అని అడిగాను. కాదంది. మళ్ళీ అడిగాను. విసుక్కుంది.

నా గడ్డ తగ్గుతోంది. ఆ రిపోర్టు బీరువాలో చీరల కింద దాచాను. దాని మొహం చూడలేకపోతున్నాను. ఇదే కదా నేను కోరుకున్నది!

నవంబర్ 14
మాత్ర మింగిన సంగతి చెల్లికి చెప్పేశాను. ఆ రోజే తెలుసట. ముప్ఫై ఏళ్ళు మందుల షాపులో మాత్రలు లెక్కపెట్టిన మనిషి, తెలియకుండా ఎలా ఉంటుంది? నాకూ పనిచేస్తుందేమోనని, ఆ తర్వాత వారం రోజులు స్ట్రిప్పు కావాలనే టేబుల్ మీద వదిలిందట.

ఒక్కటే తీసుకున్నావేం అని తిట్టింది.