పేరు పెట్టి పిలిస్తేనే పలుకుతాం

ఆదిలాబాద్,
శుక్రవారం పొద్దున.

బాపుకు, అవ్వకు మీ చిన్నబిడ్డ రాజవ్వ కాళ్ళు మొక్కి రాస్తున్నది.

నేనిక్కడ బాగున్నాను. తిండికీ నిద్రకూ లోటు లేదు, నా గురించి ఫికరు పెట్టుకోవద్దు. అవ్వ మోకాలి నొప్పి తగ్గిందా? అన్న మగ్గం మీద వంగి వంగి దగ్గుతున్నాడని రాశావు, దవాఖానకు పోయాడా లేదా? పోకపోతే నా మాటగా చెప్పి పంపించు. వదిన, పిల్లలు బాగున్నారని తలుస్తాను.

నీ ఉత్తరం మొన్న అందింది. కోపం దిగిన తరువాత జవాబు రాద్దామని పక్కన పెట్టాను. దిగలేదు. అయినా రాస్తున్నాను.

ఆటల మైదానంలో ఊరంతా చూస్తుండగా నేను హెడ్మాస్టరును తిట్టానని, మైకు గుంజుకున్నానని మన హుస్నాబాద్ దాకా కబురు వచ్చిందట. ‘ఆడపిల్లకు గంత పంతం మంచిది గాదు, పోయి మాఫీ అడుగు, లేకుంటె కొలువు ఇడిసిపెట్టి ఇంటికి రా’ అని రాశావు. బాపూ, నేను ఎవరినీ తిట్టలేదు. మైకు నేను గుంజుకోలేదు. మాఫీ మాత్రం అడగను. ఎందుకు అడగనో మొదటి నుంచి చెబుతాను, ఓపికగా చదువు.

ఇక్కడి చలి మన చలి కాదు. పొద్దున్నే పిల్లలతో ఆటకు దిగితే మాటతో పాటు పొగ బయటికి వస్తుంది. బజారు నిండా పత్తి బండ్లే. గాలికి దూది ఎగిరి వచ్చి జడలకు అంటుకుంటుంది, దులుపుకుంటుంటే మన ఇల్లే కళ్ళ ముందుకు వస్తుంది. నేనుండే గది తానూబాయి అనే మరాఠీ ఆమె ఇంట్లో ఉంది. భర్త పోయి చాలా ఏళ్ళయింది, ఒక్కతే ఉంటుంది. రెండు పూటలా జొన్నరొట్టె, పప్పు, ఎండుమిరపకాయల కారం. మొదట్లో అన్నం లేక తిన్నట్టే ఉండేది కాదు, ఇప్పుడు రొట్టె లేకపోతే తిన్నట్టు ఉండడం లేదు. సాయంత్రాలే బాగుండవు. మన ఇంట్లో మగ్గం చప్పుడు ఆగగానే ఎవరో ఒకరు మాట మొదలుపెట్టేవాళ్ళు. ఇక్కడ చప్పుడూ లేదు, మాటా లేదు.

తానూబాయి మొదటి రోజే నన్ను ‘బాయీ’ అని పిలిచింది. నాకు నవ్వు ఆగలేదు. “మా దిక్కు బాయంటె నీళ్ళు చేదుకునేది” అన్నాను. ఆమె కూడా కడుపు పట్టుకుని నవ్వింది.

“మా భాషల పంతులమ్మను గట్లనే అంటరు. ఇజ్జతు మాట. నీకు నచ్చకుంటె చెప్పు, ఇంకో తీరుగ పిలుస్త” అన్నది.

ఎట్లా పిలిస్తే నీకు నచ్చుతుంది అని నన్నొకరు అడగడం అదే మొదలు. వద్దనలేదు. ఆమె నోట ఆ మాట నాకు తియ్యగానే ఉంటుంది.

బడిలో అట్లా కాదు. మగ పంతుళ్ళు అందరూ సార్లు. లెక్కల సార్, తెలుగు సార్. నేను మాత్రం ‘డ్రిల్లు పిల్ల’. హెడ్మాస్టరు చెడ్డవాడని చెప్పను, చదువు మీద శ్రద్ధ ఉన్నవాడే. కానీ వరండాలో నిలబడి చిటిక వేసి “ఓ పిల్లా, ఇటు రా” అంటాడు. నేను అప్పుడే క్రమశిక్షణ గురించి చెప్పిన పిల్లల ముందు. ఒకరోజు ఆయన గదికి పోయి నెమ్మదిగా చెప్పాను.

“సార్, నా పేరు రాజవ్వ. రాజవ్వ టీచర్ అని పిలువుండ్రి.”

“నా బిడ్డ వయసు ఉంటది నీకు. పిల్లా అంటె తప్పేంది? ప్రేమతోనే అంటున్న.”

“మీ బిడ్డను చిటికేసి పిలుస్తరా సార్?”

ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నాడు. “మాటలు బాగనే నేర్చినవ్, పో” అన్నాడు. ఆ తరువాత చిటిక మానాడు. ‘పిల్ల’ మానలేదు.

ఇప్పుడు నా పిల్లల సంగతి. ఆడపిల్లలకు ఖోఖో నేర్పుతున్నాను. ఒక జట్టు వరసలో కూర్చుంటుంది, అందులో ఒకతె అవతలి జట్టు వాళ్ళను తరుముతుంది. అలిసిపోతే కూర్చున్న ఒకతె వెనకకు వచ్చి ‘ఖో’ అంటుంది, అది లేచి ఉరుకుతుంది. లంగాలు కాళ్ళకు అడ్డం పడకుండా బిగించి కట్టుకుని ఆడతారు. చూస్తే నీకే ముచ్చటేస్తుంది.

వాళ్ళలో ఒకతెను అందరూ నడిపి అంటారు. పత్తి వ్యాపారం చేసే సేటు బిడ్డ, ఐదుగురు అక్కచెల్లెళ్ళలో నడుమ పుట్టింది. ఇంట్లో నడిపి, వాడలో నడిపి, బడిలోనూ నడిపి. అసలు పేరు సుశీల. హాజరు పిలిచేటప్పుడు సుశీల అంటే తనదేనని గుర్తురాక ఒక్కోసారి పలకదు.

ఇంకొకతె పెంటవ్వ. తల్లి పత్తి మిల్లులో కూలికి పోతుంది. ఈ పిల్ల ఉరికితే కాళ్ళు నేలకు తగులుతున్నాయా అనిపిస్తుంది. జిల్లా ఆటలకు పేర్లు చెప్పాల్సి వచ్చినప్పుడు దాన్ని పక్కకు పిలిచాను. “పది మందిల ఆ పేరు పిలిస్తె నవ్వుతరేమో బిడ్డా. పద్మ అని చెప్పుదమా?” అన్నాను.

“పద్మ ఎవలు టీచర్?” అన్నది.

నేను మళ్ళీ చెప్పబోయాను. అది వినలేదు. “నాకంటె ముందుగాల మా అవ్వకు ముగ్గురు పుట్టి పోయిన్రు. నేనన్న బతుకాలెనని నన్ను పెంటకుప్ప మీద పండవెట్టి మళ్ల తెచ్చుకున్నది. బతికిన గద? మరి పేరెందుకు మార్చుకోవాలె?”

పెంటవ్వ అనే చెప్పాను.

ఆటల రోజు వచ్చింది. నిర్మల్ నుంచి, చెన్నూరు నుంచి కూడా జట్లు వచ్చాయి. మైకు దగ్గర ఉన్నాయన పెండ్లిళ్ళకు, జాతరలకు మైకు కట్టే మనిషి. గొంతు మంచిది. పొద్దున మగపిల్లల కబడ్డీకి ఒక్కొక్కరి పేరు పిలిచి, ఒక్కొక్కరికి ఒక బిరుదు తగిలించాడు. చెన్నూరు చిరుత అట, నిర్మల్ సింహం అట. పిల్లలు ఛాతీ పొంగించుకుని మైదానంలోకి వచ్చారు. నాకూ సంతోషమే వేసింది.

మధ్యాహ్నం మా వంతు. ఆయన మైకులో అన్నాడు: “ఇగ ఆడపోరీల ఆట. జర నవ్వకుండ చూడుండ్రి!”

జనమంతా ఘొల్లుమన్నారు. నవ్వొద్దని చెప్పి నవ్వించడం అంటే అదే. తరువాత “పత్తి సేటు నడిపి బిడ్డ వస్తున్నది, పటేలు గారి మనుమరాలు వస్తున్నది, గాజులాయన చెల్లె వస్తున్నది” అని మొదలుపెట్టాడు. పెంటవ్వ దగ్గరికి వచ్చేసరికి దాని తండ్రి పేరు ఎవరికీ తెలియదు కాబట్టి “ఇంకో పోరి” అన్నాడు.

నేను ఆయన దగ్గరికి పోయాను. “అన్నా, వాళ్ళకు పేర్లున్నయి. పొద్దున నేనే మీకు చెప్పిన.”

ఆయన మైకుకు చెయ్యి అడ్డం పెట్టాడు. “అమ్మా, ఆడపిల్లల పేర్లు మైకుల ఒర్రుతమా? రేపు సంబంధం చూసేటోళ్ళు ఏమనుకుంటరు? నేను వాళ్ళ ఇజ్జతు కోసమే పిలుస్త లేను.”

ఆయన నిజంగానే మంచి చేస్తున్నాననుకున్నాడు, బాపూ. అదే నాకు ఎక్కువ మండింది. ఆట ఆడితే పోని ఇజ్జతు పేరు చెబితే పోతుందా?

అంతలో కుర్చీలో కూర్చున్న హెడ్మాస్టరు లేచి వచ్చాడు. “ఓ పిల్లా, లొల్లి ఎందుకు? పోయి ఆట మొదలువెట్టియ్యి.”

“పిల్లలు గా వరసల కూసున్నరు సార్. నేను టీచర్ను” అన్నాను. ఇంతే నేనన్నది. దీన్నే మీకు తిట్టు అని చెప్పి ఉంటారు.

వెనక్కి వచ్చి పిల్లలకు జరిగింది చెప్పాను. ఆడమనీ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. ఎప్పుడూ మెల్లగా మాట్లాడే సుశీల తల ఎత్తింది. “నన్ను పేరు వెట్టి పిలిచేదాక నేను లేస్త లేను టీచర్” అన్నది. అది అనగానే మిగతావాళ్ళు కూడా కదలకుండా కూర్చున్నారు. ఈల వేశారు, లేవలేదు. మళ్ళీ వేశారు, లేవలేదు. గట్టు మీద నుంచి మగపిల్లలు ఏవేవో అరిచారు. హెడ్మాస్టరు ముఖం ఎర్రబడింది. కొలువు పోతే మీకు ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి అనే ఆలోచన రాలేదని అబద్ధం రాయను.

అప్పుడు లేచింది పెంటవ్వ. లంగా దులుపుకుని తిన్నగా మైకు దగ్గరికి నడిచింది. మైకాయన ఏమనుకున్నాడో ఏమో, పక్కకు జరిగాడు. మైకు దానికి ఎత్తయింది, మునివేళ్ళ మీద నిలబడింది.

“నా పేరు పెంటవ్వ. నవ్వేటోళ్ళు ఇప్పుడే నవ్వుకోండ్రి. ఆట మొదలైనంక మీకు పురుసత్ దొరుకది.”

కొందరు నవ్వారు. కొంచెం సేపే. తరువాత సుశీల పోయి తన పేరు చెప్పింది. తరువాత ఒకరి వెంట ఒకరు. పటేలు మనుమరాలు “నేను భారతి, ఇంట్ల నన్ను దొరసాని అంటరు, నాకు నచ్చది” అన్నది. ఆ చివర మా మీద ఆడాల్సిన నిర్మల్ పిల్లలు తమలో తాము గుసగుసలాడి, వాళ్ళూ వచ్చి వరసలో నిలబడి పేర్లు చెప్పుకున్నారు. మైకాయన వాళ్ళకు మైకు దించి పట్టుకున్నాడు. ఇది కూడా రాయాలి కదా.

ఆటలో మేము ఓడిపోయాం. నిర్మల్ వాళ్ళు గట్టివాళ్ళు. కానీ పెంటవ్వను మాత్రం వాళ్ళు ముట్టుకోలేకపోయారు. ఆట నడుస్తుంటే మైకులో “పెంటవ్వ తప్పించుకున్నది! పెంటవ్వ మళ్ల తప్పించుకున్నది!” అని ఆయనే అరిచాడు. ఆట అయిన తరువాత దాని తల్లి వచ్చింది, జుట్టు నిండా దూది. మిల్లు గోడ అవతల నుంచి విన్నదట. “నా బిడ్డ పేరు ఎవలో గంత పెద్దగ మొత్తుకుంటుంటె ఏమైందో అని ఉరికొచ్చిన” అని కూర్చుండిపోయింది.

తరువాతి సంగతులు అంత సుళువుగా లేవు. మరునాడే సేటు బడికి వచ్చాడు. “నా బిడ్డ పేరు బజార్ల వెట్టినవ్” అని కేకలేసి సుశీలను తీసుకుపోయాడు. చాలా రోజులు రాలేదు. నాకు అన్నం సయించలేదు. ఆ పిల్ల చదువు నా వల్ల ఆగిపోయిందేమో అని తానూబాయి దగ్గర ఏడ్చాను కూడా. ఆమె ఓదార్చలేదు. “ఆమె నోటితోని ఆమె చెప్పింది. నువ్వెందుకు ఏడుస్తవ్?” అన్నది.

మొన్న సోమవారం సేటు మళ్ళీ వచ్చాడు, వెనక సుశీల. కేకలు లేవు. అలిసిపోయిన ముఖం.

“ఇంట్ల నడిపీ అంటె పలుకుత లేదు. నీళ్ళు తెమ్మంటె తేదు, బువ్వకు రమ్మంటె రాదు. ఊకె గోడ దిక్కు చూసుకుంట కూసుంటది. సుశీల అంటేనే లేస్తది. ఆ పేరు పెట్టింది నేనే, గని నాకే నోరు తిరుగుత లేదు” అన్నాడు.

“అలవాటైతది సేటూ” అన్నాను.

“ఏం అలవాటో. ఇప్పుడు చిన్నది కూడ మొదలువెట్టింది” అని గొణుక్కుంటూ పోయాడు. సుశీల పుస్తకాలు బల్ల మీద పెట్టి, లంగా బిగించి కట్టి, మైదానంలోకి ఉరికింది.

హెడ్మాస్టరు నన్ను మాఫీ అని రాసి ఇమ్మన్నాడు. ఆట ఆలస్యమైనందుకు రాసి ఇస్తాను, పేర్లు అడిగినందుకు ఇవ్వను అన్నాను. అడవి దిక్కు బదిలీ చేయిస్తానన్నాడు. చేయించనీ. అక్కడా ఆడపిల్లలుంటారు, వాళ్ళకూ పేర్లుంటాయి. ఇప్పుడు ఆయన నన్ను ఎట్లానూ పిలవడం లేదు. పని పడితే లెక్కల సారుతో చెప్పి పంపుతున్నాడు. మొదట ‘పిల్లా’ అని రెండుసార్లు అన్నాడు, నేను తిరిగి చూడలేదు. పంతం అంటావా? అను. నువ్వు నేసిన బట్టలో పోగు తక్కువైందని సావుకారు అబద్ధమాడితే ఒప్పుకునేవాడివా? ఎవరి పంతం నాకు వచ్చిందో అవ్వను అడుగు.

అందుకే కొలువు ఇడిసిపెట్టి రాను, బాపూ. కోపం చేసుకోకు. ఉగాదికి వస్తాను. వచ్చేవాళ్ళెవరైనా ఉంటే ఒక గొంగడి పంపించు, చలికి తట్టుకోలేకపోతున్నాను. అవ్వ చేతి మామిడికాయ తొక్కు కొంచెం పంపితే తానూబాయికి కూడా రుచి చూపిస్తాను. అన్నకు, వదినకు నా దండాలు. పిల్లలకు ముద్దులు. మన వాడలో పెద్దలందరినీ నేను అడిగానని చెప్పు. వాళ్ళకు ఏం కబురు అందినా, నేను చెప్పిన కబురు ఇది అని చెప్పు.

ఒక్కటి అడుగుతాను. నన్ను పుట్టినప్పటి నుంచి రాజవ్వా అని నోరారా పిలిచావు. కానీ అవ్వను నువ్వు పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. ‘ఇగో’ అంటావు, ‘ఏమే’ అంటావు, చుట్టాలుంటే ‘పిల్లల తల్లి’ అంటావు. అవ్వ పేరు మల్లవ్వ. అది నేను బడిలో పేరు రాయించినప్పుడు పంతులు అడిగితే తెలుసుకున్నాను. ఈ ఉత్తరం ఆమెకు చదివి వినిపించే ముందు, నిన్ను ఎట్లా పిలిస్తే బాగుంటుంది అని ఒకసారి అడుగు. నవ్వుతుందో, తిడుతుందో, ‘ముసలితనంల నీకేం పాడు బుద్ధి పుట్టింది’ అంటుందో. ఏమన్నా సరే, జవాబు చెప్పేదాకా అక్కడి నుంచి లేవకు.

మీ దీవెనలు నాకు, నా పిల్లలకు కావాలి.

మల్లవ్వ బిడ్డ, నీ బిడ్డ,
రాజవ్వ