కొక్కెం మీద బరువు

వదినా,

మీరు బాగున్నారని మీ తమ్ముడు రోజూ చెబుతూనే ఉన్నారు కనుక ఆ ప్రశ్న అడగడం లేదు. ఫోన్ చేయవచ్చు కదా అంటారేమో. నేను ఫోన్ తీస్తే చాలు, ఆయన పక్కకి వచ్చి స్పీకర్ పెట్టమంటారు. ఇక అక్కాతమ్ముళ్ళు గేర్ల గురించి మొదలుపెట్టారంటే నేను అక్కణ్ణుంచి లేచిపోవడమే. అందుకే మీకు పంపుతున్న కొత్త గ్లౌజుల పెట్టెలో అడుగున ఈ ఉత్తరం దాచాను. చదివాక మీకు నా మీద కోపం రావచ్చు. వచ్చినా సరే, చివరిదాకా చదవండి.

పాత బండి సంగతి మీకు తెలుసు. అడుగంతా తుప్పు పట్టింది, తీసేశాం. ఇప్పుడు కొనబోయేది ఒక్కటే బండి. వారమంతా నన్ను పేషెంట్ల ఇళ్ళకు తిప్పాల్సింది అదే. కాళ్ళు పడిపోయిన వాళ్ళకు వ్యాయామం చేయించేదాన్ని కదా, వెనక వాకర్లూ పెద్ద బంతులూ పట్టాలి. అత్తయ్యను మోకాళ్ళ డాక్టరు దగ్గరికి, మా పిడుగును బడికి చేర్చాల్సిందీ అదే. నెలకోసారి, ఆయన మా ఇంట్లో సిద్ధం చేసే మీ రేసు కారును ట్రైలర్ మీద పెట్టుకుని, కొండ ఎక్కి దిగి, మీ ఊరి ట్రాక్ దాకా లాక్కురావాల్సిందీ అదే. మా సందులో మరీ పెద్దది తిరగదు. మధ్య సైజులో చూసి చూసి రెండు మిగిలాయి. ఒకటి నున్న బండి. మెత్తటి సీట్లు, లోపల కూర్చుంటే ఇంజన్ ఉందో లేదో తెలియదు, అత్తయ్య చేయి పట్టకుండా ఎక్కేస్తారు. రెండోది మొరటు బండి. పొడుగు, బరువు, గతుకులో పడితే పళ్ళు కదులుతాయి. దాన్ని చూసి అత్తయ్య, "ఇది ఎక్కాలంటే నిచ్చెన కావాలి, దిగాలంటే నలుగురు మనుషులు కావాలి" అన్నారు.

మీ తమ్ముడు నున్న బండే అంటున్నారు. ఎంత బరువు లాగగలదో షోరూం వాళ్ళిచ్చిన పుస్తకంలో రాసి ఉందట, మన ట్రైలరూ కారూ కలిపినా ఇంకా మిగులుందట. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. శుక్రవారం వెళ్ళి ఖాయం చేస్తారట. ఆ పై వారం ఆదివారం మీ రేసు. నేను వద్దంటే ఇంట్లో నవ్వుతున్నారు, ఎందుకంటే నాకిప్పుడు బెదురుగొడ్డు అని పేరు పడింది.

ఎందుకు పడిందో మీరు విన్నది ఆయన నోట. ఇప్పుడు నా నోట వినండి. పోయిన నెల రేసుకు పక్కింటి పెయింటరు గారి బండి అడిగి తెచ్చాం. అదీ నున్న రకమే. ఉదయం కారును ట్రైలర్ మీదకి ఎక్కిస్తుంటే పలక జారి ఈయన మణికట్టు బెణికింది. అందుకే స్టీరింగ్ నాకిచ్చారు. వెనక సీట్లో పిడుగు నిద్రపోతోంది. కొండ దిగుతుండగా, వంతెన ముందు వాలులో, నా సీటు కింద ఏదో అటూ ఇటూ కదిలినట్టనిపించింది. అద్దంలో చూస్తే ట్రైలర్ ఒకసారి ఎడమ పక్కన, ఒకసారి కుడి పక్కన కనిపిస్తోంది. ఊగుతున్నకొద్దీ ఊపు పెరిగింది. మా బండి వెనక భాగాన్ని కూడా ఈడ్చడం మొదలుపెట్టింది. ఈయన "బ్రేక్ వెయ్యి, బ్రేక్ వెయ్యి" అని అరుస్తున్నారు. నేను వేయలేదు. వేస్తే వెనకది మా మీదికే వస్తుందనిపించింది. ఎందుకనిపించిందో చెప్పలేను. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసి, స్టీరింగ్ తిప్పకుండా గట్టిగా పట్టుకున్నాను. వంతెన గోడ ఎంత దగ్గరికి వచ్చిందో నాకొక్కదానికే తెలుసు. మెల్లగా ఊపు తగ్గింది. బండి పక్కకి ఆపాక పిడుగు లేచి "వచ్చేశామా?" అంది.

ఆ సాయంత్రం ట్రాక్ దగ్గర అందరితో ఆయన ఏం చెప్పారో మీరూ విన్నారు. "మా ఆవిడకి లాగడం అలవాటు లేదు, చేతులు వణికాయి, స్టీరింగ్ అటూ ఇటూ తిప్పేసింది." నేను అక్కడే నిలబడి ఉన్నాను. దానికి కాస్త ముందే, కారు ఇంకా ట్రైలర్ మీదే ఉండగా, ఆయన బెణికిన చేత్తోనే ట్రైలర్ ముక్కును బండి వెనక కొక్కెం మీంచి ఎత్తి పక్కన పెట్టారు. అంత నొప్పిలోనూ ఎంత బలం అనుకున్నాను కూడా, నా పిచ్చి కాకపోతే. ఆ మాట నన్ను లోపల కోస్తోంది వదినా. నా చేతులు వణకలేదు. రోజూ మనుషుల్ని పడిపోకుండా పట్టుకునే చేతులవి.

మీరు గెలవాలనే నా కోరిక. కానీ నా బిడ్డ వెనక సీట్లో ఉండగా ఆ కారును ఆ నున్న బండికి కట్టి మళ్ళీ ఆ వాలు దిగను, ఆయన్నీ దిగనివ్వను. శుక్రవారం లోపు మీరొక్క మాట చెబితే ఆయన ఆగుతారు. చెప్పకపోతే నేనే అడ్డం పడుకుంటాను.

మీ మరదలు,
మీ పుట్టింటి బెదురుగొడ్డు

*

మరదలు పిల్లా,

గ్లౌజులు సరిపోయాయి. ఉత్తరం మాత్రం రెండుసార్లు చదివాను. నిజం చెబుతున్నాను, నేను తమ్ముడి మాటే నమ్మాను. అలవాటు లేనివాళ్ళు చిన్న ఊపుకే స్టీరింగ్ తిప్పేస్తారు, అదే జరిగి ఉంటుందిలే అనుకుని నవ్వి ఊరుకున్నాను. నువ్వు రాసింది చదివాక ఆ నవ్వు గుర్తొచ్చి నామీద నాకే చిరాకేసింది.

కానీ నీ మాట కూడా కళ్ళు మూసుకుని నమ్మను. తూచి నమ్ముతాను. ఇక్కడ నాతో పోటీపడే పళ్ళ డాక్టరు ఒకడున్నాడు. ట్రాక్ మీద ఎప్పుడూ నా వెనకే వస్తాడు గానీ, కారును లాక్కురావడంలో నాకు గురువు. ఆస్పత్రికి వెళ్ళే బండితోనే ఏళ్ళ తరబడి లాగుతున్నాడు. నీ కథంతా చెప్పాను. మొత్తం విని ఒకటే అడిగాడు: "కారు ట్రైలర్ మీద ఎటు తిరిగి ఉంది?"

నాకు తెలుసు కదా. ప్రతి నెలా చూస్తున్నదే. మనవాడు కారును వెనక్కి నడిపి ట్రైలర్ ఎక్కిస్తాడు, దించేటప్పుడు ముఖం ముందుకు పెట్టి రాజాలా దిగాలని. పదిమంది చూస్తుండగా అలా దిగితే నాకూ గొప్పగానే ఉండేది. అది చెప్పగానే డాక్టరు తల పట్టుకున్నాడు. మన కారు బరువంతా ఇంజన్లో, ఇంజనేమో ముందు. కారు వెనక్కి తిరిగి ఉంటే ఆ బరువంతా ట్రైలర్ తోక మీద పడుతుంది. తోక బరువెక్కితే ముక్కు తేలుతుంది. కొక్కెం మీద బరువు లేని ట్రైలర్ వాలులో తోక ఆడిస్తుందట. "మరి ఇన్నేళ్ళూ ఎందుకు ఊగలేదు?" అన్నాను. "మీ పాత బండి బరువులో ఏనుగు. దానికి తెలియలేదు. మధ్య సైజు బండికి తెలుస్తుంది" అన్నాడు.

ఇది అతని మాట. తేలాల్సింది మీ ఇంటి ముందు. నీ క్లినిక్‌లో పేషెంట్లను తూచే యంత్రం ఉంటుంది కదా, దాన్ని ట్రైలర్ ముక్కు కింద పెట్టి చూడు. కారు వెనక్కి ఉన్నప్పుడు ఎంత, ముందుకి ఉన్నప్పుడు ఎంత. ఆ తరువాత బండి పుస్తకం తీసి, ఎంత లాగుతుంది అన్న వరస కాదు, కొక్కెం మీద ఎంత మోయగలదు అన్న వరస చూడు. అది చిన్న అక్షరాల్లో ఉంటుందట. తూచేదాకా ఎవరినీ ఏమీ అనకు, వాడినైనా సరే. శుక్రవారం ఖాయం చేయొద్దని నేను వాడికి ఫోన్ చేస్తాను, కారణం చెప్పను.

నీ వదిన

*

వదినా,

తూచాను. ఇది రాస్తుంటే మాత్రం నా చేయి నిజంగానే వణుకుతోంది, కోపంతో.

మీ ఫోన్ తరువాత ఆయన శుక్రవారం వెళ్ళలేదు. "అక్కకేదో అనుమానం వచ్చింది, నువ్వేమైనా అన్నావా?" అని నన్ను రెండుమూడు సార్లు అడిగారు. నేను మీ ఉత్తరం సంగతి ఎత్తలేదు. శనివారం పొద్దున, "కొనే ముందు ట్రైలర్ ముక్కు ఎంత బరువుందో ఒకసారి తూచి చూద్దాం, కారు ఎక్కించి ఉంచండి, క్లినిక్‌కి వెళ్ళి యంత్రం తెస్తాను" అన్నాను. అంతే అన్నాను. కారు ఎటు తిరిగి ఉండాలో అనలేదు.

యంత్రం పట్టుకుని వచ్చేసరికి కారు ట్రైలర్ మీద ఉంది. ముఖం ముందుకి తిరిగి ఉంది.

ఇన్నేళ్ళలో ఆయన ఒక్కసారైనా అలా ఎక్కించడం చూశారా మీరు? నేను చూడలేదు. అత్తయ్య వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నారు, పెయింటరు గారు గోడకి ఆనుకుని నిలబడ్డారు. "ఇలా తిప్పారేంటి?" అని అడిగాను. "ఊరికే. ఇలా కూడా బాగుంటుందని" అన్నారు, నా వైపు చూడకుండా. తేలు కుట్టిన దొంగలా ఉంది ముఖం. నాకు అప్పుడు గుర్తొచ్చింది, ట్రాక్ దగ్గర బెణికిన చేత్తో ముక్కును ఎత్తడం. అది బలం కాదు వదినా. అందులో బరువే లేదు. ఎత్తిన ఆ క్షణమే ఆయనకి తెలిసిపోయింది. తెలిసే, అటు తిరిగి నా చేతులు వణికాయని చెప్పారు.

"ఆ రోజు ఎలా ఉందో అలా ఎక్కించండి" అన్నాను. ఆయన కదల్లేదు. అత్తయ్య అటూ ఇటూ చూసి, "ఎక్కించరా, అడుగుతోంది కదా" అన్నారు. దించి, వెనక్కి తిప్పి, ఎక్కించారు. యంత్రం మీద ఒక దిమ్మె పెట్టి దాని మీద ట్రైలర్ ముక్కు దించాం. మా పిడుగును తూచినా అంతకన్నా ఎక్కువ చూపిస్తుంది. మళ్ళీ ముందుకి తిప్పి ఎక్కించి తూచాం. ఇద్దరు మనుషులు నిలబడ్డంత చూపించింది. రెండు బండ్ల పుస్తకాలూ తెరిచాను. నున్న బండి కొక్కెం ఒక మనిషి బరువు మోస్తుంది, అంతే. అంటే దానికి కడితే కారు ముందుకి ఉన్నా తప్పే, వెనక్కి ఉన్నా తప్పే. మొరటు బండి రెండింతలు మోసి కూడా ఇంకా తెమ్మంటుంది. బండి గురించి తగవు అక్కడితో తీరిపోయింది.

మా తగవు తీరలేదు. "ఎప్పటినుంచి తెలుసు?" అన్నాను. చాలాసేపు ట్రైలర్ తాళ్ళు బిగించినట్టు నటించారు. తరువాత, "ఆ రోజే" అన్నారు. అత్తయ్యకు మొదట అర్థం కాలేదు. పెయింటరు గారు మెల్లగా విడమరిచి చెప్పారు. ఆమె లేచి నిలబడ్డారు, ఆ మోకాళ్ళతో. "నా మనవరాలు వెనక సీట్లో ఉందిరా. దాన్ని బతికించి తీసుకొచ్చిన పిల్లకి పేరు పెట్టి నవ్వించావా నా చేత?" అన్నారు. ఆయన అక్కడే, పెయింటరు గారి ముందే, తప్పు నాది అన్నారు. నాకు ఏడుపు వచ్చింది గానీ ఏడవలేదు.

తరువాత ఇంట్లోకి వచ్చి అడిగింది ఒక్కటే: "అక్కకి మాత్రం చెప్పకు." అక్కడే నాకు మనసు విరిగింది. నా ముఖం నలుగురిలో పోయినా ఫరవాలేదు, మీ ముందు తన ముఖం మాత్రం నిలవాలి. అందుకే నా నిర్ణయం ఇది, ఆయనకీ చెప్పేశాను. మొరటు బండి కొంటున్నాం. అది నా పేషెంట్ల కోసం, అత్తయ్య కోసం, బడి కోసం. దానికి కొక్కెం వేయించను. జరిగింది ఆయన తన నోటితో మీకు చెప్పేదాకా మీ కారు మా ఇంట్లోనే ఉంటుంది. వచ్చే వారం రేసు పోతే నన్ను క్షమించండి, లేకపోతే మానేయండి. నేను మాత్రం ఈ మాట తప్పను.

మీ మరదలు

*

మా మరదలికి,

నీ ఉత్తరం ఈ రోజు మధ్యాహ్నం చేరింది. మీ ఆయన నిన్ననే చేరాడు.

బస్సులో వచ్చాడు. మామూలుగా కారుతో, పనిముట్లతో, గోలతో వచ్చేవాడు, చేతులూపుకుంటూ వచ్చేసరికి ఎవరికేమైందోనని నా ప్రాణం ఎగిరిపోయింది. మంచినీళ్ళు కూడా తాగకుండా నిలబడే చెప్పాడు. కారు తిప్పి ఎక్కించిన సంగతి, ముక్కు చేత్తో లేచిన సంగతి, నీ మీద పెట్టిన సంగతి, శనివారం నువ్వు రాకముందే తిప్పేసిన సంగతి. నీ ఉత్తరంతో పోల్చి చూశాను, ఒక్కటీ దాచలేదు. నువ్వు కొక్కెం వేయించనన్నావని మాత్రం చెప్పలేదు. నువ్వు బెదిరిస్తే వచ్చాడని నేను అనుకుంటానేమోనని కాబోలు. "ఎందుకు చేశావురా?" అన్నాను. "నువ్వు అంత వేగంలో పోయేది నేను బిగించిన బోల్టులను నమ్మి కదక్కా. నాకు కారు ఎక్కించడమే రాదని తెలిస్తే ఇంకేం నమ్ముతావు?" అన్నాడు. నాకు వాడి మీద జాలి కలిగింది. కానీ వదల్లేదు. "నీ పెళ్ళాం చేతులు వణికాయన్నావు, నేను నవ్వాను. ముందు మనిద్దరం ఆ నవ్వు వెనక్కి తీసుకోవాలి" అన్నాను. అందుకే ఆదివారం ట్రాక్ దగ్గర, ఎక్కడైతే ఆ మాట అన్నాడో అక్కడే, అదే మనుషుల ముందు చెబుతాడు. నేను పక్కన నిలబడతాను. నాకూ అందులో వాటా ఉంది.

ఇంకో మాట, ఇది నీకు మాత్రమే. నిన్న సాయంత్రం ఆ వాలు దగ్గరికి వెళ్ళాను. నా బండిలో, నీ వేగంతో దిగాను, వెనక ట్రైలర్ ఊగుతోంది అనుకుంటూ. వంతెన గోడ కనబడేసరికి నా కాలు దానంతటదే బ్రేక్ మీదికి పోయింది. ట్రాక్ మీద నన్ను కాపాడే కాలే అది. అక్కడైతే పక్కన ఇసుక ఉంటుంది, వెనక బిడ్డ ఉండదు. నేనే ఆ సీట్లో ఉంటే మన పిడుగు ఈ రోజు లేదు.

ఆదివారం రేసుకు కారు రాకపోయినా ఫరవాలేదు. కొక్కెం వేయించాలా వద్దా అన్నది నీ ఇష్టం, ఎప్పుడన్నదీ నీ ఇష్టం. వేయిస్తే మాత్రం కొండ దిగేటప్పుడు స్టీరింగ్ నీ చేతిలోనే ఉండాలి, తమ్ముడు నోరు మూసుకుని పక్కన కూర్చోవాలి. ఈ షరతు నాది. వాడు ఒప్పుకున్నాడు.

వాడి చేతికి ఒక ఇనప మెట్ల పీట ఇచ్చి పంపుతున్నాను. ఇక్కడ వెల్డింగ్ చేయించాను, జారకుండా మెట్ల మీద రబ్బరు వేయించాను. మొరటు బండి పక్కన అది పెట్టి ముందు అమ్మను ఎక్కించు. కారు సంగతి తరువాత చూసుకుందాం.

నీ వెనక సీట్లో కూర్చోడానికి భయం లేని
నీ వదిన