నాన్న కారు, సబ్బు ముక్క

అక్కకు,

నమస్కారం. ఇక్కడ అందరం క్షేమం, ఒక్క కారు తప్ప.

నాన్న కారు పెట్రోలు ట్యాంకు మళ్లీ కారుతోంది. ధార కాదు, చుక్క. పొద్దున షెడ్డు తలుపు తీస్తే వాసన గుప్పుమంటోంది. నిజం చెప్పనా, నాకా వాసన బాగానే ఉంది. వెనక సీట్లో నువ్వు కిటికీ పక్కన, నేను నీ మోచేతి పక్కన కూర్చున్న రోజులు గుర్తొస్తున్నాయి. మీ మరదలికి మాత్రం తలనొప్పి వస్తోందిట. షెడ్డు వంటింటి గోడకి ఆనుకునే ఉంది కదా, కారు బాగయ్యేదాకా పొయ్యి వెలిగించనని భీష్మించుకు కూర్చుంది.

మన పాత మేస్త్రికి కబురు పెట్టాను. "తొందరపడకండి" అన్నాడు. ఆయన తొందరపడడని మనకి తెలియనిదా, అందుకేగా నాన్న తాబేలు మేస్త్రి అని పేరు పెట్టింది! వచ్చే వారం గానీ రాడట. ఈలోగా నాన్న ఉన్నప్పుడు చేసే సబ్బు వైద్యం చేద్దామనుకుంటున్నాను. సబ్బు పెట్రోల్లో కరగదని చెప్పి చిల్లు మీద రుద్దేవారు కదా! ఎలా రుద్దేవారో నేనెప్పుడూ చూడలేదు. చూసింది నువ్వే. కాస్త వివరంగా రాయి.

నీ తమ్ముడు

తా.క.: "ఈ కారు కావాలా, నేను కావాలా?" అని అడిగింది మీ మరదలు. "ఆలోచించుకుని చెప్తాను" అన్నాను. అలా అనకూడదని తర్వాత తెలిసింది.

*

తమ్ముడికి,

ఆశీస్సులు. మీ బావా నేనూ బాగానే ఉన్నాం. ఆయనకి మోకాలి నొప్పి, నాకు ఆయన మూలుగు నొప్పి.

ఇక సబ్బు సంగతి. బట్టల సబ్బే కావాలి. ఒంటి సబ్బు పనికిరాదు, మెత్తగా జారిపోతుంది. ముందు చిల్లు చుట్టూ గుడ్డతో శుభ్రంగా తుడవాలి. సబ్బు పొడిగా ఉండాలి. బొటనవేలితో అదిమి అదిమి రుద్దాలి. సిగరెట్ కాల్చేవాడెవడూ దరిదాపుల్లో ఉండకూడదు.

ఇదంతా నాకెలా తెలుసంటావా? నా పెళ్లయ్యాక నాన్న మా వీధిలోకి వచ్చినప్పుడల్లా ఇదే కదా తంతు! వాకిట్లో రెండు హారన్లు. బయటికొచ్చి చూస్తే కారు కిందనించి కాళ్లు కనిపించేవి. పైన ఇస్త్రీ చొక్కా, కింద మట్టి. "అమ్మాయ్, ట్యాంకు కారుతోంది, ఓ సబ్బు ముక్క పట్రా" అనేవారు. నేను ముక్కేమిటని కొత్త బిళ్లే తెచ్చిచ్చేదాన్ని. రుద్దేవారు, లేచేవారు, నిలబడే టీ తాగేవారు. "ఒంట్లో బాగుందా? సరే, పనయింది" అని వెళ్లిపోయేవారు.

పని లేకుండా ఎవరి గడపా తొక్కని మనిషని నీకూ తెలుసు. కానీ నేను ఎవరో పరాయిదాన్ని కాదు కదరా. ఒక్కసారి, ఊరికే, నన్ను చూడ్డానికి వస్తే ఆయన సొమ్మేం పోయేది? నాన్నకి నాకంటే ఆ ట్యాంకే ఎక్కువ. ఇన్నేళ్లయినా ఈ సంగతి రాస్తుంటే కళ్లల్లో నీళ్లొస్తున్నాయి. నవ్వకు.

నీ అక్క

తా.క.: మీ ఇంట్లో సరైన సబ్బు ఉండదు. అందుకని నేనే ఓ పార్సెల్ పంపుతున్నాను.

*

అక్కకు,

నమస్కారం. క్షేమం అని రాసే ధైర్యం లేదు.

నీ పార్సెల్ ముందొచ్చింది, ఉత్తరం తర్వాతొచ్చింది. పార్సెల్ విప్పింది మీ మరదలు. లోపల అన్నీ సబ్బులే, రాతా లేదు కోతా లేదు. కిందటిసారి నువ్వొచ్చినప్పుడు మా తువ్వాలు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశావట. అది ఈవిడ చూసిందట. ఆ తువ్వాలుకీ ఈ సబ్బులకీ ముడిపెట్టేసింది. "మనం శుభ్రంగా ఉతుక్కోమని మీ అక్కయ్యగారి ఉద్దేశం" అంది. "అవి మనకి కాదే, కారుకి" అన్నాను. "కారు చొక్కాలు తొడుక్కుంటోందా?" అంది. మర్నాడు నీ ఉత్తరం రాగానే, రుజువు దొరికింది కదా అని గొప్పగా పైకి చదివాను. తా.క. ముందే ఆగిపోవాల్సింది.

నీ ఉత్తరం వచ్చేదాకా ఆగలేక నేను అప్పటికే ఆవిడ గులాబీ సబ్బు రుద్దేశాను. చుక్క ఆగలేదు గానీ కారు మాత్రం పెళ్లికి బయల్దేరినట్టు గుమగుమలాడుతోంది.

ఆ కారు విషయంలో నీ మనసులో ఇంత బాధ ఉందని నాకు తెలీదు. దాచుకోవడం ఎందుకక్కా, కారు నువ్వే తీసుకో. నాన్న ఇద్దరికీ నాన్నే. బాగవగానే పంపించేస్తాను.

నీ తమ్ముడు

తా.క.: మనింట్లో సబ్బుందని వీధి వీధంతా చూడాలని మీ మరదలు ఆ బిళ్లలన్నీ ప్రహరీ గోడమీద వరసగా పేర్చింది. పక్కింటావిడ వచ్చి, కొట్టు ఎప్పుడు తెరిచారని అడిగింది.

*

తమ్ముడికి,

ఈసారి ఆశీస్సులు మీ ఆవిడకి మాత్రమే.

నేను కారడిగానా? నాన్న నా కోసం ఒక్కసారైనా రాలేదని మొత్తుకుంటే కారు తీసుకోమంటావా? ఆకలేస్తోందంటే ఖాళీ పళ్లెం చేతిలో పెట్టినట్టుంది. ఆ కారుతో నేనేం చేసుకోను, దాని మీద చిక్కుడు తీగ పాకించుకోనా? నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచీ మీ బావ డ్రైవింగ్ నేర్చుకుంటానంటున్నారు. ఈ వయసులో, ఆ మోకాలితో! ఆ పాపం నీదే.

మరదలికి చెప్పు. ఆ తువ్వాలు అచ్చం అమ్మ బీరువా వాసన వేసింది. మడత కూడా అమ్మ పెట్టినట్టే పెట్టింది మీ ఆవిడ. అందుకే ముక్కు దగ్గర పెట్టుకున్నాను, వంక పెట్టడానికి కాదు. ఆ మాట అప్పుడే అనుంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది, అనలేదు. మనింట్లో ఇలాంటివి చెప్పడం ఎవరికి చేతనయింది కనక!

మేస్త్రి వస్తే పాత సబ్బు గీకొద్దని చెప్పు. దానిమీద నాన్న బొటనవేలి గుర్తు ఉండే ఉంటుంది. కారితే కారనీ.

నీ అక్క

తా.క.: మీ బావ వాకిట్లో కుర్చీ వేసుకుని గేర్లు మార్చడం నేర్చుకుంటున్నారు. గేరు బదులు గొడుగు. ఇప్పటికి రెండు కుండీలు పగిలాయి.

*

అక్కకు,

నమస్కారం. ఇది కూర్చుని చదువు.

నీ ఉత్తరం వచ్చేసరికే పని అయిపోయింది. పుట్టి బుద్ధెరిగాక మేస్త్రి తొందరపడింది ఈ ఒక్కసారే. ట్యాంకు విప్పి, పెట్రోలంతా వంపేసి, వేడినీళ్లూ సబ్బూ పోసి కడిగిందే కడిగి ఎండలో పెట్టాడు. లోపల పెట్రోలు ఆవిరి మిగిలుండగా నిప్పు చూపిస్తే షెడ్డుతో పాటు మేమూ ఎగిరిపోతామట. నువ్వు పంపిన సబ్బులు అలా అక్కరకొచ్చాయి.

తర్వాత అడుగున ఉన్న నాన్న సబ్బు చెక్కాడు. పొర మీద పొర, రాయిలా గట్టిపడిపోయింది. అంతా ఊడొచ్చాక చెయ్యి ఆపేసి, "ఇదేంటండీ, ఇది నేను వేసిన అతుకే" అన్నాడు.

సబ్బు కింద తగరం అతుకు ఉందక్కా. నున్నగా, చెక్కుచెదరకుండా. నీ పెళ్లికి ముందు, పెళ్లివారు ఎక్కే బండి కదా అని నాన్న దగ్గరుండి వేయించారట. నీళ్లు నింపి, స్వయంగా చూసుకుని మరీ తీసుకెళ్లారట. ఆ చిల్లు ఆనాటి నుంచీ చుక్క కారలేదు. ఇప్పుడు కారేది వేరే చోట, వెనక అంచు దగ్గర. అది ఈమధ్య పట్టిన తుప్పు. "మరి నాన్నగారు ఇంత సబ్బు ఎందుకు రాసినట్టండీ?" అని మేస్త్రి నన్నడిగాడు. నాకు వెనక సీటు కింద చూసింది గుర్తొచ్చింది.

అంతకుముందు ట్యాంకు తీయడానికి వెనక సీటు ఎత్తితే, దాని కింద కాగితాల్లో చుట్టిన బట్టల సబ్బు బిళ్లలు కనిపించాయి. ఒక్కో బిళ్లా ఓ మూల కాస్త అరిగిందంతే. అప్పుడు అర్థం కాలేదు. అవి నువ్విచ్చినవే. ఇంట్లో పెడితే అమ్మ అడుగుతుందని అక్కడ దాచేసి ఉంటారు.

అక్కా, నాన్న సబ్బు కోసం రాలేదు. ఊరికే వచ్చానని చెప్పడం చేతకాక, ఇస్త్రీ చొక్కాతో కారని ట్యాంకు కింద పడుకున్నారు. నువ్వు సబ్బు పట్టుకుని బయటికి వస్తావని. నేను అక్కడే ఏడ్చేశాను. మేస్త్రి పెట్రోలు ఘాటేమో అనుకుని పక్కకి జరగమన్నాడు.

నీ ఉత్తరం చదివాక మీ మరదలు గోడమీద మిగిలిన సబ్బులు దించేసింది. ఆ తువ్వాలు నీకోసం మడతపెట్టి సంచిలో పెట్టింది. పొయ్యి కూడా వెలిగింది. నాన్న బొటనవేలి గుర్తున్న సబ్బు పెళ్ల ఒకటి దొరికింది, దాన్ని డబ్బాలో దాచాను.

కొత్త చిల్లుకీ అతుకు పడింది. ట్యాంకు ఇప్పుడు చుక్క కారడం లేదు. ఆదివారం నేనూ మీ మరదలూ అందులోనే వస్తున్నాం. మీ ఇంట్లో మాకు పనేమీ లేదు.

నీ తమ్ముడు

తా.క.: వాకిట్లో రెండు హారన్లు కొడతాను. సబ్బు తేకు. ఊరికే బయటికి రా.