బాబా రైఫిల్ సరిచూసిన రోజు

ఖఫ్జీ,
12 జనవరి 2025.

చెల్లి ఫర్జానాకు ఆపా హుస్సేన్‌బీ సలాం. అల్లా దయవల్ల నేను బాగున్నాను. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందని తలుస్తాను. పక్కింట్లో పనిచేసే షబానా సెలవు మీద రాయచోటి వస్తోంది, ఈ ఉత్తరం ఆమె చేతికిస్తున్నాను.

మొన్న ఫోనులో తుపాకి చప్పుడు విని కంగారుపడ్డావు కదా. నేను పనిచేసే ఇంటి పెద్దాయన వేటకు ముందు రైఫిల్ సరిచూసుకుంటున్న చప్పుడది. ఆయన్ని అందరం బాబా అంటాం. ఏటా చలికాలం ఎడారిలో గుడారం వేసి కుందేళ్ల వేటకు పోతారు. వంటకని నన్నూ తీసుకెళ్లారు.

వంద మీటర్ల దూరాన అట్ట నిలబెట్టి, బాబా నన్ను దుర్భిణి ముందు కూర్చోబెట్టాడు. దెబ్బ ఎక్కడ పడిందో చూసి చెప్పడమే నా పని. తూటా తిన్నగా పోతుందనుకున్నాను. కాదట. ఇసుకలో గీసి చూపించాడు. చూపు తిన్నగా పోతుంది, తూటా మాత్రం కాస్త పైకెత్తిన గొట్టంలోంచి ఎగసి, తర్వాత కిందికి వంగుతుంది. మనం చింతకాయలకు రాయి విసిరినట్టే. వంద మీటర్లకు సరిచేసిన రైఫిల్ రెండు వందలకు బెత్తెడు, మూడు వందలకు మూరెడు కిందికి కొడుతుందట. దెబ్బలన్నీ ఒకేచోట పడి, ఆ చోటు పైకో కిందికో ఉంటే రైఫిల్ మీది గురి అద్దం మర తిప్పితే చాలు. చెదిరి పడితే ఆ మర తిప్పి లాభం లేదు, తప్పు తుపాకిదో కాల్చేవాడిదో అన్నాడు.

మూడుసార్లు కాల్చాడు. ఒకటి అట్ట మూలకు, ఒకటి అంచుకు. మూడోది అట్టకే తగల్లేదు. వెనక నిలబడ్డ కొడుకు ఫహద్, బాగుందని చెప్పమని నాకు సైగ చేశాడు. నన్ను ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కార్డు ఫహద్ చేతిలోనే ఉంది. కానీ మర్నాడే వేట. ఆ ఎడారిలో కాపరులు తిరుగుతుంటారు. చెదిరిపోయినాయి బాబా, ఒకటి అట్టకే తగల్లా అని వచ్చీరాని అరబ్బీలో చెప్పేశాను.

బాబా మరలన్నీ బిగించి మళ్లీ కాల్చాడు. మళ్లీ అంతే. రైఫిల్ కొడుక్కిచ్చాడు. ఫహద్ కాల్చిన మూడూ ఒక ఖర్జూరం కింద దాగేంత దగ్గరగా పడ్డాయి. అదీ ఉన్నదున్నట్టే చెప్పాను. తుపాకి బాగుంది, ఇక ఇది నీదే అని బాబా కొడుకుతో చెప్పి, నన్ను చాయ్ పెట్టమన్నాడు.

ఫహద్ రెండు రోజులు నా ముఖం చూడలేదు. ఇవాళ మాత్రం తండ్రిని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. నా పనికేమీ ఢోకా లేదు, దిగులు పడకు.

నీ ఆపా,
హుస్సేన్‌బీ

తా.క. ఇది రాయకూడదనుకున్నాను. చాయ్ ఇస్తుంటే బాబా మెల్లిగా చెప్పాడు. పోయిన చలికాలం ఆయన కాల్చిన తూటా ఒకటి ఇసుకగుట్ట దాటి, ఒక కాపరి గుడారం చీల్చుకుపోయిందట. కాపరి పిలిస్తే వెళ్లి, గుడ్డకు అటూ ఇటూ, నిలబడ్డ మనిషి గుండె ఎత్తున పడ్డ చిల్లులు చూశాడట. ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేదు. తప్పు తుపాకిదే కావాలని ఏడాదంతా దువా చేశాడట. తూటా వచ్చినప్పుడు కాపరి ఆ గుడారంలోనే నమాజు చేస్తున్నాడట, సజ్దాలో, తల నేలకు ఆనించి.