నువ్వు నింపిపెట్టిన నీళ్లు

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మన శంషాబాద్ బడిలో నీ కెమిస్ట్రీ క్లాసులు ఇప్పుడు నేనే చెబుతున్నాను.

ఈరోజు పాఠం కోసం, నువ్వు చివరగా నింపిపెట్టిన డిస్టిల్డ్ వాటర్ సీసా విప్పాను. దాని మీద నీ రాత అలాగే ఉంది: "వేలు పెట్టొద్దు, చెమటల ఉప్పుంటది." కొన్ని నీళ్లు బీకరులో పోసి, బ్యాటరీకీ బల్బుకీ కలిపిన తీగలు ముంచాను. బల్బు వెలగలేదు.

"మేడం, బల్బు ఖరాబైందా?" అంది ముందు బెంచీలో కూర్చున్న స్వప్న.

"లేదమ్మా, ఇప్పుడే వెలగొద్దు. నీళ్లు గంత సాఫ్‌గున్నయి" అన్నాను.

పైన విమానం మోత తగ్గేదాకా నీలాగే ఆగి, చిటికెడు ఉప్పు వేశాను. బల్బు వెలిగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

సీసాలో ఇంకా సగం నీళ్లున్నాయి. కళ్లు గట్టిగా తుడుచుకున్నాకే దాని మీదికి వంగి మూత బిగించాను.