మొదటి రకం టీపొడి

బావగారికి,

"ఏటా వచ్చే ఫ్లూయేనయ్యా, మాత్ర వేసుకుని పనికి రా" అన్నారు నిన్న ఫోన్లో. నేనూ అలాగే అనుకున్నాను. జ్వరం, దగ్గు, ఒళ్లునొప్పులు ఫ్లూకీ, ఈ కొత్త కరోనాకీ రెండింటికీ ఉంటాయట. పరీక్ష చేస్తేగానీ తేలదన్నాడు డాక్టరు. చేస్తే కరోనాయే అని తేలింది. ఫ్లూకైతే టీకా ఉంది, దీనికింకా రాలేదట.

ముక్కు దిబ్బడ లేదు, గాలి హాయిగా ఆడుతోంది, వాసన మాత్రం సున్నా. టీ రుచి చూసి బతికే మనకు ముక్కు పోతే ఇంకేముంది? మొన్న నేను మొదటి రకమని తేల్చిన పొడిని మీ చెల్లెలు ఇంట్లో కాచింది. "తడిసిన గోనెసంచి కంపు! దీన్ని అమ్ముతారా మీరిద్దరూ?" అని గిన్నెడు టీ పారబోసింది. ఆ పొడి లోడు బయటికి పోకుండా వెంటనే ఆపించండి, లేకపోతే మన పేరు మంటగలుస్తుంది.

"మీరిద్దరూ" అని ఆవిడ ఊరికే అనలేదు బావగారూ. నా తర్వాత అదే పొడి రుచి చూసి, "ఆహా, ఏం పరిమళం!" అని తలూపింది తమరే.

మీ చెల్లెలు ఆ పొడే చిటికెడు ఈ కవరులో వేసింది. ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి. కంపు కొడితే నన్ను తిట్టండి. కొట్టకపోతే గది తలుపు వేసుకుని, ఆ మాత్రేదో ముందు మీరే వేసుకోండి.

ఇట్లు,
పక్కగదిలోకి కూడా రానివ్వని మీ చెల్లెలి మొగుడు